బర్న్‌డెన్ పార్కు

ఉపాధ్యాయవృత్తి నుండి విరమించిన పిమ్మట నేను ఇంగ్లండు దేశమునందలి బోల్టన్ పట్టణమున మా అమ్మాయి యింట ఆఱు మాసములు గడపితిని. ఆమె అచటి ఆసుపత్రిలో వైద్యురాలు. మాంచెస్టరు నగరమునకు వాయవ్యదిశగా పదిమైళ్ళ దూరమున నున్న ఆ పట్టణము ఒకప్పుడు నూలుమిల్లులకు పేరొందినది. నాకు అచట చెప్పుకొనదగిన పనియేమియు లేదు. ఉదయము మనుమని బడికి కొనిపోవుట, సాయంకాలము తోడ్కొని వచ్చుట, నడుమ నొకమాఱు సంచి పట్టుకొని అంగడికి పోయి పాలు, కూరగాయలు తెచ్చుట - ఇంతియే నా దినచర్య.

ఆ అంగడి మా యింటినుండి అఱగంట నడక. సూపర్‌మార్కెట్టు అని పిలుచు పెద్ద అంగడి అది. దాని యెదుట కార్లు నిలుచుటకు విశాలమైన చదును నేల గలదు. అందు విశేషమేమియు నాకు గోచరింపలేదు. వారమునకు మూడు మాఱులు పోవుచుంటిని గాని, నేను త్రొక్కుచున్న నేల యెట్టిదో యెఱుగనైతిని. దానిని నాకు తెలిపినది ఒక చిత్రపటము.

ఒక శనివారము మేమందఱము సాల్‌ఫర్డు పట్టణమున నున్న లౌరీ చిత్రశాలను చూడబోయితిమి. ఎల్. ఎస్. లౌరీ అను చిత్రకారుడు ఆ ప్రాంతమువాడే. ఇండ్ల అద్దెలు వసూలుచేయు గుమాస్తాగా బ్రదుకు సాగించుచు, తీరిక దొరకినప్పుడు మిల్లుల పొగగొట్టములను, ఇఱుకు వీథులను, కూలిజనమును చిత్రించినవాడు. ఆయన 1953వ సంవత్సరమున రచించిన ‘ఆటకు పోవుట’ అను పటము ముందు మా మనుమడు నిలిచిపోయెను. వానికి పదునొకండేండ్లు, ఫుట్‌బాలు ఆట యన్నచో ప్రాణము. ఆ పటమునందు నలుదెసల నుండి జనులు చీమలబారులవలె ఒక క్రీడారంగమువైపు సాగుచున్నారు. గాలి కెదురు నడచువారివలె అందఱును ముందునకు వంగియున్నారు. వెనుక మిల్లులు, పొగగొట్టములు. ఏ యొక్కని ముఖమును స్పష్టముగా కానరాదు.

“తాతయ్యా, వీళ్ళంతా ఏ మైదానానికి పోతున్నారు?” అని వాడడిగెను.

నేను ప్రక్కనున్న ఫలకమును చదివి, “బర్న్‌డెన్ పార్కట. మన బోల్టన్ జట్టు ఆడిన చోటు” అంటిని.

“మన ఊళ్ళోనే ఉందా? నేనెప్పుడూ చూడలేదే!”

మా అమ్మాయి నవ్వి, “తాతయ్య పాలు తెచ్చేది అక్కడినుంచే. ఆ మైదానాన్ని పడగొట్టి అంగడి కట్టారు” అనెను.

నాకు ఆశ్చర్యమయ్యెను, కొంత సిగ్గును కలిగెను. ఒక చిత్రకారుడు అంత ప్రేమతో చిత్రించిన తావున నేను నాలుగు మాసములనుండి ఉల్లిపాయల ధర తప్ప మఱియొక విచారము లేక తిరుగుచుంటిని. ఆ సోమవారమే పట్టణ గ్రంథాలయమునకు పోయి ఆ నేల చరిత్రను చదువ నారంభించితిని. చదివినకొలది అది ఆటగాండ్ర కథగా గాక, ఆట చూడవచ్చిన జనుల కథగా నాకు తోచినది.

బోల్టన్ చరిత్ర నూలుతో ముడివడినది. ఆ పట్టణమువాడైన శామ్యూల్ క్రాంప్టన్ 1779లో ‘మ్యూల్’ అను నూలు వడకు యంత్రమును నిర్మించెను. అట్టి యంత్రములతో వెలసిన మిల్లులు లాంకషైరు సీమను కప్పివేసినవి. ఆ మిల్లుగుడ్డ ఓడలమీద వచ్చి మన నేతగాండ్ర మగ్గములను మూల కూర్చుండబెట్టిన కథ మన మెఱిగినదే. 1931లో గాంధీమహాత్ముడు బోల్టన్‌కు సమీపముననే యున్న డార్వెన్ పట్టణమునకు పోయి, అచటి మిల్లుకూలీలను కలిసికొని వారి కష్టసుఖములు విచారించెను. మిల్లు వేఱు, మిల్లులో చెమటోడ్చు మనుష్యుడు వేఱు అను సంగతి ఆ మహానుభావునకు తెలియును. లౌరీ పటములోని వంగిన వీపులను చూచినప్పుడు నాకును అది బోధపడినది.

ఆ కూలీలకు తీరిక యనునది సులభముగా దొరకలేదు. 1850లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టము శనివారమున మధ్యాహ్నము రెండు గంటలకు స్త్రీలను, పిల్లలను పనినుండి విడువవలెనని విధించెను. వారు లేనిదే మిల్లులో మగవారి పనియు సాగదు. కావున క్రమక్రమముగా అందఱికిని శనివారము సగము దినము సెలవు లభించెను. మిల్లు విడిచినవారు ఇంటికి పోయి ముఖము కడుగుకొని ఆటకు చేరు వేళకు మూడు గంటలగును. ఇంగ్లండున ఫుట్‌బాలు ఆటలు శనివారము మూడు గంటలకు మొదలగు ఆచారము ఇట్లు నెలకొనినదే. వారమంతయు యంత్రముల హోరులో మాట వినబడక పనిచేసినవాడు, ఆ ఒక్క అపరాహ్ణమున గొంతెత్తి అఱచుటకు అచటికి వచ్చుచుండెను.

బోల్టన్ జట్టు 1874లో ఒక చర్చికి చెందిన ఆదివారపు బడిలో పుట్టినది. మూడేండ్లకే ఆ చర్చి ఆచార్యునితో పొసగక విడివడి ‘బోల్టన్ వాండరర్స్’ అను పేరు దాల్చెను. వాండరర్స్ అనగా సంచారులు. తమదను ఆటస్థలము లేక చోటునుండి చోటికి తిరుగుచుండిన ఆ జట్టునకు ఆ పేరు తగియున్నది. 1888లో పండ్రెండు జట్లు కూడి తొలి ఫుట్‌బాలు లీగును స్థాపించినప్పుడు వానిలో నిదియు నొకటి. తుదకు 1895లో మాంచెస్టరు రోడ్డు ప్రక్క, బర్న్‌డెన్ అను చోట, సంచారులకు ఇల్లు దొరకినది. మైదానమున కొక చివర రైలుకట్ట యుండుటచే ఆ వైపునకు ‘రైల్వే ఎండ్’ అను పేరు వచ్చెను. అచట కుర్చీలు లేవు. వాలుగా నున్న కట్టమీద జనులు భుజము భుజము రాచుకొనుచు నిలిచి ఆట చూచుచుండిరి.

క్రొత్త మైదానమున కొక గొప్ప గౌరవము 1901లో దక్కినది గాని, అది నవ్వులపాలయ్యెను. ఆ యేట ఎఫ్. ఏ. కప్పు తుదిపోటీ లండనులో లక్షకు పైబడిన జనుల యెదుట సరిసమానముగా ముగిసెను. దానిని మరల బర్న్‌డెన్‌లో ఆడింప నిశ్చయించిరి. జనము విరుగబడి వత్తురని తలచి వర్తకులు ‘పై’ అను మాంసపు పిండివంటలను గుట్టలుగా సిద్ధపఱచిరి. అయితే బోల్టన్ రైలుస్టేషను అప్పుడు తిరిగి కట్టబడుచుండెను. కావున రైలు కంపెనీవారు తగ్గింపు ధరకు టిక్కెట్ల నీయలేదు. వచ్చినవారు ఇరువది వేలకు కొంచెము మించిరి. టాటెన్‌హామ్ జట్టు షెఫీల్డు యునైటెడ్ జట్టును 3-1 గోలులతో ఓడించి కప్పు గెలుచుకొనెను. వంటలు మాత్రము మిగిలిపోయెను. ఆ దినమునకు ‘పై శనివారము’ అను పేరు నిలిచిపోయినది. వచ్చు జనమును ముందుగా లెక్కగట్టుట యెంత కష్టమో ఆ వర్తకులకు తెలిసివచ్చెను. అది డబ్బు నష్టమే గాని ప్రాణనష్టము కాదు.

1923లో లెక్క మఱియొక తీరుగా తప్పినది. లండనులో క్రొత్తగా కట్టిన వెంబ్లీ క్రీడారంగమున తొలిసారి కప్పు తుదిపోటీ జరిగెను. బోల్టన్ జట్టు వెస్ట్ హామ్ జట్టుతో తలపడవలసి యుండెను. టిక్కెట్లు ముందుగా కొననక్కఱలేదు. ఎవరైనను నేరుగా రావచ్చును. లెక్కకు వచ్చినవారు 1,26,047 మంది. గోడలు దూకియు, ద్వారములు త్రోసికొనియు వచ్చినవారు ఎందఱో! మొత్తము రెండు లక్షలకు పైగా నుందురని అంచనా. ఆట జరుగవలసిన పచ్చిక జనముతో నిండిపోయెను. జార్జి స్కోరీ అను పోలీసు జవాను ‘బిల్లీ’ అను తన తెల్లని గుఱ్ఱమునెక్కి, మెల్లమెల్లగా జనమును వెనుకకు జరిపి చోటు చేసెను. ముక్కాలు గంట ఆలస్యముగా ఆట మొదలయ్యెను. బోల్టన్ 2-0 గోలులతో గెలిచి తొలిసారి కప్పు నెత్తుకొనెను. పలువురకు గాయములైనను ఒక్క ప్రాణమును పోలేదు. దేశము ఆ దినమును ‘తెల్లగుఱ్ఱపు ఫైనలు’ అని ముచ్చటగా చెప్పుకొనెను. ఆ తరువాత తుదిపోటీలకు ముందుగా టిక్కెట్టు కొన్నవారినే రానిచ్చు నియమము వచ్చినది. ఊళ్ళలోని మైదానములకు మాత్రము అట్టి నియమము రాలేదు.

బోల్టన్ జట్టు 1926లోను, 1929లోను మరల కప్పు గెలిచెను. 1933 ఫిబ్రవరిలో మాంచెస్టరు సిటీ జట్టుతో ఆట జరిగినప్పుడు బర్న్‌డెన్ పార్కునకు 69,912 మంది వచ్చిరి. ఆ మైదానపు చరిత్రలో అంతకు మించిన లెక్క మఱి నమోదు కాలేదు. ఎందఱు వచ్చినచో అంత గొప్ప యని అందఱు తలచిరి. ఎందఱు క్షేమముగా నిలువగలరను ప్రశ్నను శాస్త్రీయముగా కొలిచి తేల్చు నియమము ఆనాడు లేదు.

ఇంతవరకు చదివి నేను నవ్వుకొనుచునే యుంటిని. ఆ తరువాతి పుటలు చదువునప్పుడు నా నవ్వు ఆగిపోయినది.

రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసెను. యుద్ధకాలమున ఎఫ్. ఏ. కప్పు పోటీలు జరుగలేదు. ఆఱేండ్ల బాంబులకు, చీకట్లకు, రేషనులకు విసిగిన జనులు ఆటకొఱకు అలమటించుచుండిరి. 1946 మార్చి 9వ తేదీ శనివారమున బర్న్‌డెన్ పార్కులో బోల్టన్ జట్టునకును, స్టోక్ సిటీ జట్టునకును కప్పు ఆఱవ ఘట్టపు రెండవ ఆట. స్టోక్ జట్టులో స్టాన్లీ మాథ్యూస్ ఉండెను. ఆయన కాలిలోని బంతిని చూచుటకే జనులు మైళ్ళకొలది నడచివచ్చు రోజులవి. బోల్టన్ జట్టులో ఇరువదియేండ్ల నాట్ లాఫ్ట్‌హౌస్ ఉండెను. ఆ పట్టణముననే పుట్టి, యుద్ధకాలమున బొగ్గుగనిలో పనిచేసినవాడు.

మైదానమున తూర్పువైపు నున్న స్టాండును యుద్ధకాలమున ప్రభుత్వపు ఆహారశాఖవారు సరకులు నిలువచేయుటకు తీసికొనియుండిరి. యుద్ధము ముగిసినను దానిని విడువలేదు. అందుచే ఆ వైపు ద్వారములు మూసియుండెను. రైల్వే ఎండ్‌కు పోవువారందఱును మాంచెస్టరు రోడ్డు వైపున నున్న ద్వారములనుండియే రావలసివచ్చెను. ఒక్కొక్కరినే లోనికి విడుచు తిరుగుడు ద్వారములవి. వచ్చినవారు లోపల వ్యాపించుటకు వీలులేక ఆ మూలనే క్రిక్కిరిసిరి. రెండు గంటల నలువది నిమిషములకు ఇక చోటు లేదని ద్వారములు మూసిరి. వెలుపల వేలకొలది జనులు మిగిలిరి. కొందఱు గోడ లెక్కిరి; కొందఱు రైలుకట్టమీదినుండి దిగిరి.

అప్పుడు జరిగిన ఒక సంగతిని నేను మఱువలేను. చిన్న కొడుకుతో ఆట చూడవచ్చిన ఒక తండ్రి ఆ ఒత్తిడిలో చిక్కుకొనెను. బిడ్డకు ఊపిరాడదేమోనని భయపడి, ఆట మాట విడిచి, ఎట్లైనను వెలికి పోవలెనని తాళమువేసి యున్న ఒక ద్వారమును చేరెను. తాళమును ఎట్లో ఊడదీసి తలుపు తెఱచి కొడుకుతో బయటపడెను. ఆతడు చేసినది తప్పనగల తండ్రి యెవడు? కాని తెఱచిన ఆ ద్వారమునుండి వెలుపలి జనము వెల్లువవలె లోనికి వచ్చెను.

ఆట మొదలయిన కొలది నిమిషములకే రైల్వే ఎండ్ మూలన రెండు ఇనుప అడ్డుకమ్మీలు వంగి కూలిపోయెను. వానికి ఆనుకొని నిలిచినవారు ముందునకు పడిరి. వారిమీద వెనుకవారు, వారిమీద మఱికొందఱు పడిరి. ముప్పదిముగ్గురు ఊపిరాడక మరణించిరి. నాలుగు వందలకు పైగా గాయపడిరి. ఆనాటి లెక్కలో చేరినవారు 65,419 మంది. నిజముగా నుండినవారు ఎనుబదియైదు వేలకు మించియుందురని అంచనా. ఆ రెండు సంఖ్యల నడుమ నున్న మనుష్యులను ఎవ్వరును లెక్కింపలేదు.

రిఫరీ ఆట నాపి ఆటగాండ్రను లోపలికి పంపెను. మృతులను పచ్చిక యంచున పరుండబెట్టి కోటులు కప్పిరి. కొంతసేపటికి, ఆట నిలిపివేసినచో జనము ఇంకను కల్లోలపడునేమో యని అధికారులు మరల ఆడింప నిశ్చయించిరి. మైదానమున చాలమందికి జరిగిన దేమియో తెలియనే తెలియదు. రంపపు పొట్టుతో క్రొత్తగా సరిహద్దుగీత పోసి, గీత కీవల ఆట, ఆవల శవములుగా ఆట సాగించిరి. విరామము కూడ లేక ముగించిరి. ఎవ్వరును గోలు చేయలేదు. తొలి ఆటలో గెలిచినందున బోల్టన్ తరువాతి ఘట్టమునకు పోయెను. ఆ గెలుపు ఎవరికి కావలెను?

గ్రంథాలయమున ఆ పుటను మూసి నేను చాలసేపు కిటికీ వంక చూచుచు కూర్చుంటిని. నాకు పదియేండ్ల వయసున జరిగిన సంగతి యొకటి కన్నులముందు నిలిచెను.

మా ఊరి దగ్గఱి కొండమీది తిరునాళ్ళకు నాన్నగారితో పోయితిని. కోవెలకు రెండు దారులు. ఆ యేడు జనమును వరుసలో నిలుపవలెనని కాబోలు, ఒక దారికి వెదుళ్ళు కట్టి మూసిరి. ఎక్కువారు, దిగువారు ఒకే దారిని నడువవలసివచ్చెను. మెట్ల నడుమ నేను కదలలేక నిలిచిపోయితిని. నా కాళ్ళు నేల నానలేదు; జనమే నన్ను మోయుచుండెను. నాన్నగారు నన్ను జబ్బలు పట్టి పైకెత్తి భుజములమీద కూర్చుండబెట్టుకొనిరి. “వెనక్కి నడవండయ్యా, పిల్లలున్నారు!” అని ఆయన ఎంత కేకలువేసినను వెనుకనున్నవారికి వినబడలేదు. పైనుండి చూచుచున్న నాకు ముందేమి జరుగుచున్నదో, వెనుకేమి జరుగుచున్నదో రెండును కనబడెను. ముందువారు ఏడ్చుచుండిరి. వెనుకవారు నవ్వుచు, గోవిందనామములు పలుకుచు ముందునకు త్రోయుచుండిరి. వారిలో ఒక్కడును దుర్మార్గుడు కాడు. మా పొరుగింటి అవ్వ ఆ మెట్లమీదనే ప్రాణము విడిచెను. “పుణ్యక్షేత్రాన పోయింది, అదృష్టవంతురాలు” అని ఊరిలో పెద్దలనిరి. దైవఘటన యని అందఱు నమ్మిరి. నేనును అఱువదేండ్లు అట్లే నమ్మితిని.

ఆ నమ్మిక బర్న్‌డెన్ కథ చదివిన దినమున చెదరిపోయెను. గుంపులో చదరపు మీటరునకు ఆఱేడుగురు మించినచో ఎవని నడక వాని చేతిలో నుండదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అప్పుడు జనసమూహము నీటివలె అలలుగా కదలును. వెనుక పుట్టిన చిన్న తాకిడి ముందునకు వచ్చునప్పటికి ఇనుమును వంచునంతటి బలమగును. చాలమంది త్రొక్కుడుపడి గాక, నిలిచినచోటనే ఎదపై ఒత్తిడిచే ఊపిరాడక చనిపోవుదురు. కోవెలలో మూసిన వెదురు దారియు, బర్న్‌డెన్‌లో మూసిన తూర్పు ద్వారములును ఒకటే. మా అవ్వను చంపినది దైవము కాదు. వచ్చువారిని లెక్కింపకపోవుట, పోవు దారిని మూయుట.

బర్న్‌డెన్ దుర్ఘటనపై ప్రభుత్వము మొయెల్విన్ హ్యూస్ అను న్యాయవాదిచే విచారణ జరిపించెను. ఆయన 1946లోనే నివేదిక నిచ్చెను. ప్రతి మైదానమున ఎందఱు క్షేమముగా నిలువగలరో కొలిచి నిర్ణయింపవలెను. ద్వారములయొద్ద యంత్రములతో లెక్కించి, ఆ సంఖ్య నిండగానే ఆపవలెను. స్థానికాధికారుల అనుమతిపత్రము లేనిదే పెద్ద ఆటల నాడింపరాదు - ఇవి ఆయన చెప్పిన ముఖ్యవిషయములు. ఇందు అర్థముకాని దొక్కటియు లేదు. అయినను వీనిని చట్టముగా చేయుటకు ఇరువదితొమ్మిదేండ్లు పట్టెను. 1971లో గ్లాస్గో నగరమునందలి ఐబ్రాక్స్ క్రీడారంగమున అఱువదియాఱుగురు మెట్లమీద నలిగి చనిపోయిన పిమ్మట, 1975లో క్రీడారంగముల రక్షణచట్టము వచ్చినది. అప్పటికిని పాఠము పూర్తి కాలేదు. 1989లో షెఫీల్డు నగరమునందలి హిల్స్‌బరోలో జరిగిన ఒత్తిడివలన తొంబదియేడుగురు బలియైరి. ఆ మీదటనే పెద్ద జట్ల మైదానములలో నిలిచి చూచు కట్టలను తీసివేసి, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కుర్చీ ఏర్పఱచిరి. కుర్చీ యనగా సుఖము మాత్రమే కాదు. అది ఒక లెక్క.

బర్న్‌డెన్ పార్కు ఆ తరువాతను మంచిదినములు చూచెను. నాట్ లాఫ్ట్‌హౌస్ తన ఆటజీవితమంతయు బోల్టన్‌కే అంకితము చేసి, లీగు ఆటలలో 255 గోలులు చేసెను. 1958లో ఆతడు నాయకుడుగా జట్టు మాంచెస్టరు యునైటెడ్‌ను ఓడించి నాలుగవమాఱు కప్పు గెలుచుకొనెను. రెండు గోలులును ఆతనివే. క్రమముగా మిల్లులు మూతపడినవి, జనము తగ్గినది, జట్టు దిగువ శ్రేణులకు జాఱినది. 1980 దశాబ్దమున డబ్బునకై రైల్వే ఎండ్‌లో కొంత భాగమును అమ్మగా, మైదానపు మూలనే ఒక అంగడి వెలసెను. 1997 ఏప్రిల్ 25న చార్ల్‌టన్ జట్టుతో అచట తుది ఆట జరిగెను. బోల్టన్ 4-1 గోలులతో గెలిచి, హార్విచ్ సమీపమున కట్టిన క్రొత్త క్రీడారంగమునకు తరలిపోయెను. సంచారులు మరల ఇల్లు మాఱిరి. పాత మైదానమును పడగొట్టి అంగడి కట్టిరి. లౌరీ పటమును మాత్రము 2022లో సాల్‌ఫర్డు చిత్రశాలవారు డెబ్బదియెనిమిది లక్షల పౌనులకు కొనిరి. పటము భద్రముగా నున్నది, స్థలము లేదు.

మఱుసటి ఆదివారము మనుమని వెంటబెట్టుకొని అంగడికి పోయితిని. నాలుగు మాసములు నేను చూడకయే నడచిపోయిన గోడమీద, 1946లో చనిపోయినవారి జ్ఞాపకార్థము ఒక ఫలకము గలదు. మేము దాని ముందు నిలిచితిమి. బండ్లు త్రోసికొనుచు జనులు మా ప్రక్కనుండి పోవుచుండిరి. ఒక ముసలామె చేతిసంచి క్రింద పెట్టి, ఫలకమును క్షణకాలము చేతితో తాకి, మరల సంచి యెత్తుకొని వెడలిపోయెను. ఆమె యెవరో, ఆమెకు పోయినవా రెవరో మేము అడుగలేదు.

నేను మనుమనికి కథయంతయు చెప్పితిని. మా తిరునాళ్ళ సంగతియు చెప్పితిని. వాడు చాలసేపు ఆలోచించి, “వెనకున్నవాళ్ళకి ముందేం జరుగుతోందో ఎలా తెలుస్తుంది తాతయ్యా?” అని అడిగెను.

“తెలియదు నాన్నా. అందుకే లెక్కపెట్టేవాడు ఒకడు ఉండాలి. తలుపు తీసేవాడు ఒకడు ఉండాలి” అంటిని.

చెప్పుట సులభము. ఆ రాత్రి పడకమీద నా స్వంత ఉద్యోగకాలము జ్ఞప్తికి వచ్చెను. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నుండిన పదునొకండేండ్లును పాఠశాల వార్షికోత్సవమున క్రమశిక్షణ పేర ప్రక్కగేటునకు తాళము వేయించి, ఎనిమిది వందల పిల్లలను, వారి తల్లిదండ్రులను ఒకే ద్వారమునుండి పంపుచుంటిని. తాళపుచెవి నా జేబులోనే యుండెడిది. ఏ యేటను ప్రమాదము జరుగలేదు. అది నా ప్రజ్ఞ యని తలచితిని. కేవలము అదృష్టమని ఇప్పుడు తెలిసినది.

స్వదేశమునకు తిరిగివచ్చిన సంవత్సరమే ఆ పాఠశాలవారు నన్ను వార్షికోత్సవమునకు పెద్దగా పిలిచిరి. నేను రెండు గంటలు ముందుగా పోయితిని. పందిరి వేయుచుండిరి; పిల్లలు వేషములు దిద్దుకొనుచుండిరి. నేను నేరుగా ప్రక్కగేటు వద్దకు నడచితిని. తాళము నేను వేయించినదే. వాచ్‌మన్ చెవి వెదకి తెచ్చెను. తుప్పుపట్టుటచే అది తిరుగలేదు. వంటవారి నడిగి నాలుగు చుక్కలు నూనె తెచ్చి పోసి, ఇద్దఱము కలిసి త్రిప్పితిమి. గేటు కిఱ్ఱుమని తెఱచుకొనెను. “ఎందుకండీ మేష్టారూ, ఇటు ఎవరూ రారు గదా?” అని అతడడిగెను.

“రావడానికి కాదు, పోవడానికి” అని చెప్పి, సభ ముగిసి చివరి పిల్లవాడు పోవువఱకు నేను ఆ గేటుప్రక్కనే కుర్చీ వేసికొని కూర్చుంటిని.